మూడు వేళ్ల పాట

హలో... అందరికీ వినపడుతోందా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి.

వాన.

కిటికీ రేకు మీద చినుకు — టప్... కాసేపు ఏమీ లేదు... టప్.

మాస్టారి గది అంటే నాకు ఆ చప్పుడే.

ఆయన గిటారు నేర్పేవారు. పుస్తకంలో పాఠాలు కాదు. దర్జీ కొలత తీసుకున్నట్టు ఒక్కొక్కరి చెయ్యి చూసి, ఆ చేతికే ఒక పాట రాసిచ్చేవారు.

నేను వడ్రంగిని. ఎడమచేతి ఉంగరం వేలు రంపానికి పోయింది. నలభై దాటాక నేర్చుకోడానికి వెళ్లాను. క్లాసులో పిల్లలకి నవ్వులే నవ్వులు — "రంపం బాబాయ్! అది కొయ్యడానికి కాదు, వాయించడానికి!"

నాకూ ఒక పాట మొదలుపెట్టారు. మూడు వేళ్లకి.

నాకు రోషం పొడుచుకొచ్చింది.

"ఈ కుంటి పాట నాకొద్దు మాస్టారూ. అందరికీ ఇచ్చిందే ఇవ్వండి."

"చెప్పు కాలికి సరిపోవాలిరా. చెప్పు కోసం కాలు కోసుకుంటామా?"

వినలేదు. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

ఏడేళ్లు.

మొన్న మాస్టారి భార్య ఫోన్ చేశారు. "వానకి బల్ల సొరుగు ఉబ్బిపోయింది బాబూ. ఓసారి చూసిపో."

వెళ్లాను. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో. పక్షవాతం. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది — ఎవరో మరిచిపోయిన వస్తువులా.

మెల్లగా తట్టి తట్టి సొరుగు లాగాను.

పైనే స్వరాలు రాసిన కాగితం. మూలన ఆయన రాత — 'రంపానికి'. దాని మీద ఎర్ర దారం ముక్క.

గోడకున్న గిటారు దించి, శ్రుతి చేసి, వాయించాను. మూడు వేళ్లూ దారి వాటంతటవే వెతుక్కున్నాయి. ఒక వేలు లేదన్న సంగతే గుర్తు రాలేదు.

కాగితం సగంలో సిరా ఆగిపోయింది. కింద గీతలు ఖాళీ.

"తర్వాతేంటి మాస్టారూ?"

"అంతవరకే... నువ్వెళ్లిపోయావుగా." మాట ముద్దగా వచ్చింది. "ఆ దారంతో నా ఉంగరం వేలు అరచేతికి కట్టేసుకుని, ఒక్కో స్వరం వాయించి చూసి రాసేవాణ్ణి."

ఒళ్లో చెయ్యి వైపు చూసుకున్నారు.

"ఇప్పుడు దారంతో పన్లేదురా."

ఆఖరి స్వరమే మళ్లీ మీటాను. తీగ మోగింది... సన్నబడింది... కాసేపు ఏమీ లేదు.

ఆయన కళ్లు మూసుకున్నారు. తర్వాతి స్వరం కోసం వింటున్నారు.

రేకు మీద — టప్.

మీకోసమే ఎవరో చేసిందాన్ని వద్దని విసురుగా వచ్చేసినవాళ్లు మీకు తెలిస్తే, ఇది వాళ్లకి పంపండి. సొరుగు ఉబ్బకముందే.