ఎనభై ఐదు లెన్సు

మీ పెళ్ళి ఫొటోలు ఎవరు తీశారో మీకు తెలియదు. తెలుసుకోవాలని ఏనాడూ అనుకోలేదు కూడా. రాజమండ్రి చుట్టుపక్కల పెంకుటిళ్ళలో, మేడల్లో, బీరువా పై అరలో పట్టుచీరల కింద ఆల్బములు దాచుకున్న పెద్దమనుషులారా, ఒకసారి తీసి చూడండి. పెళ్ళికూతురు కిటికీ పక్కన కూర్చుని ఎవరితోనో నవ్వుతున్న ఫొటో ఒకటి ఉంటుంది. ఆల్బము మొత్తంలో బాగున్నది అదొక్కటే. దాని అంచున నల్లగా, మసగ్గా నిలువు చార ఒకటి ఉంటుంది. అదేంటని ఇన్నేళ్ళలో ఒక్కరైనా అడిగారా? ముఖాలు చూసుకున్నారు, నగలు చూసుకున్నారు, మూసేశారు.

ఆ ఫొటో తీసినవాడి పేరు యెహెజ్కేలు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. కొవ్వూరులో రైలుకట్ట దిగువ పేటలో రెండు గదుల రేకుల ఇల్లు. పోయిన నెల రెండో ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఆయన అరుగు మీద కూర్చుని కెమెరా తుడుస్తున్నాడు. అరచేతిలో బరువుగా కూర్చునే పాత రష్యా కెమెరా. పసుపుపచ్చ గుడ్డ చూపుడువేలికి చుట్టి, లెన్సు మధ్యనుంచి అంచుకి గుండ్రంగా తిప్పుతున్నాడు. వేళ్ళు గోధుమరంగుకి మారి చాలా ఏళ్ళయింది. గోళ్ళు నిలువునా చీలి ఉన్నాయి. ఊపిరి తీస్తే గొంతులో సన్నగా ఈల.

ఆ ఈల కథ కూడా చెప్పాలి. రాజమండ్రిలో ఆయన పనిచేసిన మూర్తి స్టూడియోలో ఫొటోలు కడిగే చీకటిగదికి కిటికీ లేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ మందునీళ్ళలో చేతులు పెట్టి, ఆ ఘాటు పీల్చాడు. ఒక్క ఫ్యాను పెట్టించండి అని యజమాని నరసింహమూర్తి గారిని అడిగితే, "ఫ్యాను పెడితే దుమ్ము లేచి ప్రింటు మీద పడుతుందిరా" అన్నాడు ఆయన. ప్రింటు మీద దుమ్ము పడకూడదు. మనిషి ఊపిరితిత్తులు ఏమైనా ఫరవాలేదు.

"రష్యా సవితికి స్నానమయిందా?" అంది భార్య తబిత, లోపలినుంచి టీ గ్లాసు తెచ్చి పక్కన పెడుతూ. "ఆదివారం పూట చర్చి ఎగ్గొట్టి దాన్ని ముస్తాబు చేస్తన్నావు."

"ఇవాళ స్టూడియోలో నా ఫొటోలు గోడకి పెడతన్నారే. కింద పేరు రాయమని అడుగుతాను."

"ఫోన్లో అడిగావుగా."

"చూద్దాం అన్నాడు మణిబాబు."

"నలభై ఏళ్ళనుంచీ చూస్తానే ఉన్నారు వాళ్ళు. కళ్ళు నెప్పెట్టవా?"

"నా భుజాల మీద తిరిగిన పిల్లాడు. రాస్తాడే."

తబిత ఆయన జేబులో దమ్ముకి పీల్చే పంపు ఉందో లేదో తడిమి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయనకి కావలసింది అదొక్కటే. పేరు. ఫొటో కింద, చీమ తలకాయంత అక్షరాలైనా సరే.

ప్యాసింజరు గోదావరి దాటింది. రాజమండ్రి స్టేషన్లో మెట్లవంతెన ఎక్కడానికి మూడుసార్లు ఆగాడు. స్టూడియో మేడమీద ఇప్పుడు ఏసీ హాలు. నరసింహమూర్తి గారు పోయాక ఆయన కొడుకు మణిశంకర్ అక్కడ ఫిల్ము కెమెరాల క్లబ్బు పెట్టాడు. సెల్‌ఫోన్లో వేలకొద్దీ ఫొటోలు తీసి విసుగెత్తిన డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రొయ్యల మేత డీలర్లు ఇప్పుడు రీలు మీద పడ్డారు. పాతది ముట్టుకుంటే గొప్పగా ఉంటుందట. పాత కెమెరాని ముట్టుకుంటారు. పాత మనిషిని మాత్రం "హజ్కేలూ" అని కేకేస్తారు.

ఆ రోజు కొత్తవాళ్ళకి మొదటి పాఠం. చెప్పేది యెహెజ్కేలు.

"ఈ కెమెరాలో మనం లెన్సులోంచి చూడమండి," అన్నాడు, నిలబడి. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. "పక్కనున్న ఈ చిన్న కిటికీలోంచి చూస్తాం. మధ్యలో లేత పసుపు మచ్చ కనపడతందాండి? అందులో మనిషి ఇద్దరుగా ఉంటాడు. లెన్సు మెల్లగా తిప్పండి. ఇద్దరూ ఒకడయ్యేదాకా తిప్పి ఆగండి. అప్పుడు నొక్కండి. ఇంకో మాటండి. ఈ రష్యా వాటిలో ముందు రీలు తిప్పాలి, తరవాతే స్పీడు మార్చాలి. తిరగేశారంటే లోపల పళ్ళు విరుగుతాయి."

రైసుమిల్లు కిరణ్ అప్పటికే హాలంతా తిరిగి టకటకా నొక్కుతున్నాడు. "హజ్కేలూ, భలే కలుస్తున్నాయయ్యా రెండు బొమ్మలూ! ఈజీగా ఉందే!"

యెహెజ్కేలు ఆయన దగ్గరికి వెళ్ళి కెమెరా ముందువైపు చూశాడు. "ఎన్ని తీశారండి?"

"సగం రీలు."

"సగం రీలూ అమావాస్యేనండి. మూత తియ్యలేదు."

హాలంతా నవ్వింది. కిటికీలోంచి అన్నీ చక్కగా కనపడుతుంటాయి, ముందు లెన్సు మాత్రం మూసే ఉంటుంది. ఈ కెమెరా పట్టినవాడు మొదట చేసే తప్పు ఇదే. అందుకే యెహెజ్కేలు మూత తీసిన మరుక్షణం ఎడమ జేబులో వేసుకుంటాడు. జేబు బరువుగా ఉంటే కన్ను తెరిచి ఉన్నట్టు లెక్క. యాభై ఏళ్ళ అలవాటు.

అందరూ నవ్వారన్న ఉక్రోషంతో కిరణ్ అందుకున్నాడు. "అది సరేగాని, ఏ లెన్సు మంచిదో చెప్పు. నా దగ్గర ఐదున్నాయి. ఆరోది బుక్ చేశా."

"మొదలెట్టేవాళ్ళకి యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటి చాలండి. ఏడాదిపాటు ఇంకోటి ముట్టుకోవద్దు. మనిషి నిండుగా రావాలంటే ఎక్కడ నిలబడాలో మీ కాళ్ళకి తెలియాలి ముందు. ముప్పై ఐదు ఉందనుకోండి, ఇల్లంతా పడతది. కానీ దానికి మనిషి దగ్గరకెళ్ళాలి, చెయ్యి చాపితే అందేటంత."

"మరి ఎనభై ఐదు? నీ చేతిలో అదేగా?"

యెహెజ్కేలు తన కెమెరా పైకెత్తి చూపించాడు. "ఇది దూరంగా నిలబడేవాడిదండి."

అందరూ లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. పాత పెళ్ళిళ్ళ ఫొటోలు నలుపు తెలుపుల్లో పెద్దవిగా వేయించి తగిలించారు. ప్రతిదాని కిందా ఒకటే చీటీ: ఫొటో, నరసింహమూర్తి. కిటికీ పక్కన నవ్వుతున్న పెళ్ళికూతురి ఫొటో ముందు కిరణ్ ఆగి చెయ్యి ఊపాడు.

"ఈ ఫోర్‌గ్రౌండ్ చూడండి! అంచున ఆ నల్లటి చార వదిలి, దాని వెనకాల ఆ నవ్వు పట్టాడు. మూర్తి గారు ఆ రోజుల్లోనే ఎంత ఆలోచించారండీ!"

"అది గేటు చువ్వండి," అన్నాడు యెహెజ్కేలు.

ఎవరికీ అర్థం కాలేదు. అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీసుధ ఒక్కతే వెనక్కి తిరిగింది. "ఏ గేటండీ?"

"పెళ్ళివారింటి గేటమ్మా. నేను దాని బయట నిలబడి తీశాను. ఇది నాది. ఆ పక్కది అయ్యగారిది. చూడండి, తాళిబొట్టు దగ్గర పంతులుగారి చెయ్యి ఇంత పెద్దగా పడింది. అది ముప్పై ఐదు. లోపల కూర్చుని తీసింది. తరవాతది మళ్ళీ నాది, చువ్వ కుడివైపునుంది. ఏది ఎవరు తీశారో లెన్సే చెప్తదమ్మా. లోపలివన్నీ ఆయనవి. బయటవన్నీ నావి."

డెబ్భై తొమ్మిదిలో మొగల్తూరు దగ్గర ఒక పెళ్ళి. నరసింహమూర్తి గారి వెనక పెట్టె మోస్తూ యెహెజ్కేలు గుమ్మం దాకా వచ్చాడు. ఇంటాయన "అబ్బాయి పేరేంటి?" అని అడిగాడు. పేరు విన్నాడు. "పెట్టె మనవాళ్ళు అందుకుంటారు, అతన్ని గేటు బయట ఉండమనండి" అన్నాడు. నరసింహమూర్తి గారు నొచ్చుకోలేదు, వాదించలేదు, పెట్టె సర్దుకుని వెళ్ళిపోలేదు. నెల తిరక్కుండా కాకినాడ రేవులో రష్యా ఓడవాళ్ళ దగ్గర, దూరంనుంచే మనిషిని దగ్గరగా పట్టే ఎనభై ఐదు లెన్సు కొనుక్కొచ్చి చేతిలో పెట్టాడు. "ఇంక నీకు లోపలికొచ్చే పనిలేదురా. అక్కణ్ణుంచే తియ్యి." మనిషిని లోపలికి తీసుకెళ్ళడం కంటే లెన్సు కొనడం సుళువనిపించింది ఆ మహానుభావుడికి. పైగా దానికి మంచితనం అని పేరు. 

అలా పాతికేళ్ళు. ఎండలో, చెప్పుల గుట్ట పక్కన, ఎంగిలాకుల వాసనలో నిలబడి, ఆ దూరపు లెన్సుకోసమని కెమెరా నెత్తిన బిగించిన చిన్న చూపుగొట్టంలోంచి అగ్గిపెట్టంత ప్రపంచాన్ని చూశాడు. ఎవరో చూస్తున్నారని తెలియనప్పుడు మనుషులు ఎలా ఉంటారో ఆ అగ్గిపెట్టెలోకి పట్టాడు. పెళ్ళివాళ్ళు ఆల్బము అందుకుని, "ఆ దూరంనుంచి తీసినవి ఇంకో కాపీ వెయ్యండి మూర్తి గారూ" అని అడిగి మరీ పట్టికెళ్ళారు.

బయటవన్నీ నావి అన్న మాట హాల్లో అందరూ విన్నారు. కిరణ్ ఫోను చూసుకుంటున్నాడు. ఒక డాక్టరుగారు "అప్పటి రోజులు అలా ఉండేవి పాపం" అన్నాడు. ఆ పాపం ఎవరిదో చెప్పలేదు.

యెహెజ్కేలు మణిశంకర్ దగ్గరికి వెళ్ళాడు. "మణిబాబు గారూ, చువ్వ ఉన్నవాటి కింద నా పేరు రాయించండి. చిన్నగానైనా సరే."

"ఇప్పుడెందుకు హజ్కేలూ అవన్నీ? స్టూడియో నాన్నగారిది. రీలు ఆయనది, లెన్సు ఆయన కొన్నది."

"కన్ను నాదండి."

మణిశంకర్ నవ్వి భుజం తట్టాడు. "చూద్దాంలే. ముందు భోజనం చెయ్యి. నీకు పార్సిల్ చెప్పాను, కింద మెట్ల దగ్గర కూర్చో. ఈ ఏసీ నీ దమ్ముకి పడదు."

ఎంత దయ! గుమ్మం పోయి ఏసీ వచ్చింది. బయట నిలబెట్టడానికి ఇప్పుడు ఆరోగ్యం అని పేరు. అందరూ పైన బల్లల మీద తిన్నారు, ఆయన మెట్ల మీద పొట్లం విప్పుకున్నాడు. శ్రీసుధ పెరుగు కప్పు పట్టుకుని దిగి వచ్చింది.

"అన్యాయమండి ఇది. నేను కూడా చెప్తాను ఆయనకి."

"మీ చేతిలో ఏ లెన్సుందమ్మా?"

"ముప్పై ఐదండి."

"అదృష్టవంతులు. దగ్గరకెళ్ళి తియ్యండి. గుమ్మాల దగ్గర ఆగిపోవద్దు."

ఆమె తల ఊపి పైకి వెళ్ళింది. చెప్పలేదు. గ్రూప్ ఫొటోలో రెండో వరసలో నిలబడింది. మంచివాళ్ళు ఇంతే. మెట్ల మీద మాట్లాడతారు, హాల్లో నోరు మూసుకుంటారు.

మూడింటికి మణిశంకర్ ఆయన్ని పిలిచి గాజుపెట్టె చూపించాడు. "నీ కెమెరా ఒక్క వారం ఇందులో ఉంచుదాం. అందరూ చూస్తారు." యెహెజ్కేలు సంతోషంగా పెట్టాడు. లెన్సు కనపడేలా మూత తీశాడు. పెట్టె తలుపు వేశాకగానీ ముందున్న చీటీ చదవలేదు. నరసింహమూర్తి గారు వాడిన కెమెరా.

"బాబూ, అయ్యగారు దీన్ని ఏనాడూ ముట్టుకోలేదు కదండీ. కనీసం దీనిమీదైనా…"

"వచ్చే ఆదివారం మార్పిస్తాలే! చీఫ్ గెస్టు వచ్చే టైమైంది. నువ్వు కాస్త ఆ గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళని పైకి పంపించు. చెప్పులు కూడా ఓ కంట చూస్కో."

"ఆయ్," అన్నాడు యెహెజ్కేలు.

నిలబడ్డాడు. గంటసేపు, ఎండలో, చెప్పుల పక్కన. ఆ మాట అన్నవాడికి తను ఏమన్నాడో తెలియలేదు. విన్న ఇరవైమందికీ తట్టలేదు.

తరవాత స్టేషనుకి నడిచాడు. సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. బండి వంతెన ఎక్కేటప్పుడు పల్లీలమ్మే ఆవిడ ఆయన్ని చూసింది. నీళ్ళకేసి చూస్తున్నాడట. కొవ్వూరు వచ్చింది, ఆయన దిగలేదు. నిద్రపోతున్నాడనుకున్నారు. నిడదవోలులో ఎవరో భుజం తట్టి లేపబోయారు.

పక్కింటి ఆరోన్‌ని వెంటబెట్టుకుని తబిత నిడదవోలు వెళ్ళింది. రైల్వే పోలీసు ఒక కవరు చేతిలో పెట్టాడు. కొవ్వూరు టికెట్టు, కళ్ళజోడు, దమ్ము పంపు, ఎడమ జేబులో దొరికిన నల్లటి మూత.

"ఇదేంటమ్మా, సీసా మూతా?" అన్నాడు.

"ఆ స్టూడియో వాళ్ళ కళ్ళకీ అలాగే కనపడతది బాబూ," అంది తబిత.

వచ్చే ఆదివారం అన్నది వచ్చి వెళ్ళిపోయింది. తరవాత మరో మూడు. గాజుపెట్టె ముందు చీటీ అలాగే ఉంది.

మణిశంకర్ గారూ, ఆ చీటీ ఇవాళే చించండి. గోడ మీద చువ్వ ఉన్న ప్రతి ఫొటో కిందా యెహెజ్కేలు అని రాయించండి, మీ నాన్నగారి పేరు రాసినంత సైజులోనే. క్లబ్బు సభ్యులారా, రాసేదాకా ఆ హాల్లో అడుగుపెట్టకండి. శ్రీసుధ గారూ, మెట్ల మీద అన్న మాట పైకెళ్ళి అనండి. ఇక మీరు, బీరువాల వాళ్ళు. ఆల్బము తియ్యండి. నల్లచార ఉన్న ఫొటో వెతకండి. కింద ఆయన పేరు రాయండి, చెరిగిపోని సిరాతో. గేటు ఎవరిదో కూడా రాయండి. మీ తాతదైనా సరే, రాయండి. సాక్ష్యం కావాలంటే కొవ్వూరు రండి. తబిత ఇంటి కిటికీలో, పసుపుపచ్చ గుడ్డ మడత మీద బోర్లించి ఉంది ఆ కెమెరా మూత. తిప్పి చూస్తే లోపలివైపు మేకుతో గీసిన ఆయన పేరు.