ఉతికేసిన సాక్ష్యం

పదకొండింటికి ప్రజాభిప్రాయ సభ. తొమ్మిదిన్నర నుంచీ లాండ్రీవాళ్ళ కోడలు కాలుకాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉంది. ఓడలకెత్తే బొగ్గు రేవులో ఇప్పటికే రెండు గుట్టలుగా ఉంది. కంపెనీ వేస్తానంటున్న మూడో గుట్ట సరిగ్గా వాళ్ళ డాబా వెనకే. అది పడితే బొగ్గు దుమ్ముకి ఇక బట్టలు ఆరేసే చోటుండదు. ఆరేసే చోటు లేని లాండ్రీ మూసుకోవాల్సిందే.

"మాటలు కాదు, సాక్ష్యం తెండి" అన్నాడు కిందటి సభలో అధికారి. అందుకే ఆమె ఒక తెల్ల దుప్పటిని ఇరవై రోజులు తీగ మీదే వదిలేసింది. నిన్నటికి అది పొయ్యి దగ్గరి మసిగుడ్డలా తయారైంది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది, లోలోపల కాస్త సంతోషంగానూ ఉండేది.

ఇప్పుడు తీసుకెళ్దామని డాబా ఎక్కి చూస్తే, అదే దుప్పటి తెల్లగా తళతళలాడుతోంది.

"అత్తయ్యా, దీన్నెవరు ముట్టుకున్నారు?"

"నేనే. పొద్దున్నే చూస్తే అసహ్యంగా ఉంది. ఉతికేశా" అంది అత్త, ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

"వద్దని నాలుగుసార్లు చెప్పాను కదా."

"చెప్పావులే. మాసిన బట్ట ఎదురుగా ఉంటే నా చేతులు ఊరుకోవే."

ముప్ఫై ఏళ్ళుగా ఊరి మురికి వదిలించిన చేతులవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కోడలికి ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేదు. చెప్పులేసుకుని బయల్దేరింది. అత్త వెనకాలే నడిచింది.

హాల్లో కంపెనీ మనిషి గుట్ట చుట్టూ పెంచుతామంటూ పచ్చటి చెట్ల బొమ్మలు చూపించాడు. కోడలు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. ఆమెది పదిహేడో నంబరు, పిలిచారు.

"సాక్ష్యం?" అడిగాడు అధికారి.

"ఉండేదండీ, మసి పట్టిన దుప్పటి. ఉతికేశాం."

హాలంతా గొల్లుమంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. అధికారి తర్వాతి నంబరు కోసం కాగితం తిప్పాడు.

అప్పుడు లేచింది అత్త. పదిమందిలో నోరు విప్పి ఎరగని మనిషి.

"ఉతికింది నేను బాబూ, నన్నడగండి. రెండో గుట్ట రాకముందు ఒక్క నీళ్ళలో జాడిస్తే చాలేది. వచ్చాక మూడు నీళ్ళు. ఆ దుప్పటికి ఏడు నీళ్ళు మార్చాను. ఏడో నీళ్ళు కూడా నల్లగానే పోయాయి. మా వీధిలో బట్టలుతికే వాళ్ళెవర్నైనా అడగండి, లెక్క చెప్తారు."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. "మాకు నాలుగు."

"మాకూ నాలుగే. చంటిదాని గుడ్డలకైతే ఆరు" అంది ఇంకొకావిడ.

కుర్చీలు ఒక్కొక్కటే కదిలాయి. గుమాస్తా కలం పట్టుకుని అధికారి వైపు చూశాడు. "ఇవన్నీ రాయాలా సార్?"

"రాయండి" అంది కోడలు, అధికారి నోరు తెరిచేలోపే. "ఇంటి నంబరుతో సహా రాయండి."

అత్త మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఎప్పుడు పట్టుకుందో గానీ, అత్త చెయ్యి మాత్రం వదల్లేదు.