మూడో పలక

మార్కాపురం తహసీల్దారు ఆఫీసుకు ఎదురుగా ఉండే జిరాక్సు షాపులో హన్నా పనిచేస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకు షట్టరు ఎత్తింది మొదలు ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు. "ముందూ వెనకా ఒకే పేజీలోనా అన్నా, వేరువేరుగానా?" అని రోజుకు నూరుసార్లు అడగాలి. అడిగినా సగంమంది వినరు. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేసరికి తల పగిలిపోతా ఉండేది. ఆ వేసవిలో మాత్రం తలనొప్పి సంగతే గుర్తుండేది కాదు. చెప్పులు ఒకటి గడప దగ్గర, ఇంకోటి ఎక్కడో విడిచేసి, నేరుగా బీరువా తాళం తీసి, చీరల మధ్య దాచిన పలక బయటికి తీసేది.

పలక మీద జీవన్ కుమార్ రాసింది ఉంటే సరే. లేకపోతే ఆ పూట అన్నం దిగేది కాదు.

జంట పలకల సంగతి ఆ పక్క ఎవరినడిగినా చెప్తారు. ఒకే రాయిని చీల్చి, పక్కపక్క పొరలతో రెండు పలకలు చేస్తే, ఒకదాని మీద రాసింది రెండోదాని మీద పడుతుంది. ఒకటి తుడిస్తే రెండోదీ తుడుచుకుపోతుంది. మధ్యలో ఎంత దూరమున్నా రాయికేం పట్టదు. ఒకప్పుడు బెంగుళూరుకు పనికి పోయేవాళ్ళు ఇంటి దగ్గర ఒకటి పెట్టి, ఒకటి సంచిలో వేసుకుని పోయేవాళ్ళు. ఫోన్లు వచ్చినాక ఇంకెవరడుగుతారు? హన్నా వాళ్ళ నాయన దేవదానం ముప్పై ఏళ్ళుగా పలకరాయి చీలుస్తున్నాడు. ఆయన ఆఖరి జంట తీసి పదకొండేళ్ళయింది.

మళ్ళీ తీయాల్సి వచ్చింది జీవన్ కోసమే. గిద్దలూరు పిల్లోడు, మిలిటరీలో ఉద్యోగం. ఏప్రిల్లో సెలవు మీద వచ్చి హన్నాను చూసుకోను వాళ్ళమ్మా నాయనలతో వచ్చినాడు. పిల్లను ఒక్క ప్రశ్న అడగలేదు మహానుభావుడు. ముందు పెట్టిన కారప్పూస ప్లేటు ఖాళీ చేసి లేచినాడు. ఆలోచించుకుని ఒక మాట చెప్తామని రెండు పక్కలా అనుకున్నారు. మూడోనాడే సరిహద్దులో కాల్పులు మొదలైనాయి, సెలవులు రద్దు చేసి అందర్నీ రమ్మన్నారు. ముందు వరసలోకి పోయేవాళ్ళ దగ్గర ఫోన్లు తీసేసుకుంటారంట. రైలెక్కబోయే ముందు జీవన్ దేవదానం పనిచేసే షెడ్డుకు వచ్చి, తల గోక్కుంటా, "మామా, ఒక జంట తీసిస్తావా?" అన్నాడు.

సంబంధం కుదరకముందే మామ ఏందని హన్నా వాళ్ళమ్మ రాహేలు ఆ సంగతి విని మూతి తిప్పుకుంది. దేవదానానికి మాత్రం ఆ పిలుపు బాగా నచ్చింది.

అట్ల మొదలైనాయి పలక ఉత్తరాలు. పలక ఎంత? ఏడు లైన్లు పడితే ఎక్కువ. నాలుగింటికి డ్యూటీ దిగి అతను రాస్తాడు. ఏడింటికి ఈమె చదివి, తుడిచి, జవాబు రాస్తుంది. తుడవకుండా రాయను చోటే ఉండదు, అదొక్కటే హన్నాకు ప్రాణం తోడేసేది. "ఇక్కడ పప్పులో కారమే లేదు. నువ్వు నవ్వు ఆపుకునేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటావు, ఆరోజు మూడుసార్లు చూసినా" అని రాసినాడనుకో, దాన్ని ఎట్ల తుడుస్తావు చెప్పు? ఒకరోజు ఉండబట్టలేక పలకను తువ్వాలులో చుట్టి షాపుకు తీసుకుపోయి జిరాక్సు మిషను మీద బోర్లించింది. నల్లటి కాగితం బయటికొచ్చింది, ఒక్క అక్షరం లేదు. నాలుగుసార్లు తీసినా అంతే. చేత్తో రాసిపెట్టుకుందామంటే ఆ కాగితం అమ్మ కంట పడితే ఇంకేమన్నా ఉందా? కళ్ళు మూసుకుని తుడిచేసేది.

రాహేలు చూపు కనిగిరి సంబంధం మీద ఉంది. అక్కడి అబ్బాయిది బ్యాంకులో ఉద్యోగం, పొద్దున పోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. "టీవీ పెడితే రోజూ ఎవరో ఒకరి శవపెట్టె. నా బిడ్డ ఆ పెట్టె ముందర కూర్చోవాల్నా? నావల్ల కాదు" అని మొగుడి మీద అరిచింది. అరిచి ఏడ్చింది కూడా. వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదవాలి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. "ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం పాస్టరుగారికి చీటీ ఇచ్చేస్తా. ఆలోపల ఆ మిలిటరీ పిల్లోడు గట్టిగా ఒక మాట చెప్తే సరే. లేదంటే కనిగిరి పేరు రాస్తా" అని గడువు పెట్టింది.

ఆ బుధవారం హన్నా రాసింది. "మా అమ్మ కనిగిరి సంబంధం ఖాయం చేస్తానంటోంది. నేను నీకు కావాలా వద్దా? ఒక్క మాట చెప్పు."

గురువారం ఏడింటికి వచ్చి చూస్తే పలక ఖాళీ. ఆమె రాసింది లేదు, అతను రాసిందీ లేదు.

తుడిచినాడంటే చదివినాడనే కదా. చదివి ఏమీ రాయలేదంటే ఏమనుకోవాలి? శుక్రవారం ఖాళీ. శనివారం ఖాళీ. గిద్దలూరులో అతని ఇంటికి చెడ్డ కబురేమీ రాలేదని తెలిసినవాళ్ళతో కనుక్కుంది, అంటే ప్రాణాలకేం కాలేదు. ఇంకోసారి అడుగుదామంటే మనసొప్పలేదు. ఆడపిల్ల నోరు తెరిచి ఒకసారి అడిగిందే ఎక్కువ, రెండోసారి కూడానా? ఛీ. షాపులో ఒకరి ఆధార్ వెనక ఇంకొకరి రేషన్ కార్డు తీసి తిట్లు తిన్నది. కూర్చుంటే లేచేది, లేస్తే కూర్చునేది. తెల్లారి ఐదింటికి ఒకసారి, స్నానానికి ముందొకసారి, తరవాతొకసారి బీరువా తీసేది. ఆదివారం మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా మాత్రం అమ్మ చర్చిలోనే కూర్చోబెట్టింది. తాళంచెవి తిప్పీ తిప్పీ బొటనవేలు కాయ కాసింది. అట్ల ఎనిమిది రోజులు గడిచినాయి.

తొమ్మిదో రోజు శుక్రవారం. ఆ సాయంత్రం పెద్ద గాలీవానా. తడిసి ఇంటికొచ్చి తాళం తీస్తే పలక మీద అక్షరాలున్నాయి! వంకరటింకరగా, ఒకటి కొండంత, ఒకటి ఆవగింజంత. ల. ల. లక్. లక్ష్మ.

"నాయనా!" అని అరిచింది హన్నా. "జీవన్ కుడిచెయ్యి పోయినట్టుంది నాయనా! ఎడంచేత్తో రాస్తున్నాడు!"

రాహేలు చపాతీ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి పలక చూసింది. చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "చెయ్యి సంగతి తర్వాత. లక్ష్మ ఎవరంట?"

దేవదానం టీ గ్లాసు కింద పెట్టినాడు. ఎవరి మొహమూ చూడకుండా, "అది అతను కాదులే" అన్నాడు.

"మరెవరు?"

"ఆరోజు రాయి మూడుగా లేచింది. జంట తీసేటప్పుడు మూడో పొర లేస్తే అక్కడికక్కడే పగలగొట్టాల. అది పద్ధతి. నేను పగలగొట్టలేదు."

"ఎందుకు నాయనా?"

"సుత్తి ఎత్తినా హన్నా. దేవుని తోడు, రెండుసార్లు ఎత్తినా. ముప్పై ఏళ్ళల్లో అట్లాంటి పొర చూడలేదు. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. చేతులు రాలేదు. పక్కన పెట్టినా. ఎవరో దానికీ చట్రం వేసి, బేస్తవారిపేట వయోజన తరగతికి పోయే పలకల్లో కలిపేసినారు."

తన ఉత్తరాలన్నీ ఇంకెవరో చదువుతున్నారని అనుకునేసరికి హన్నాకు ఒళ్ళు మండిపోయింది. కింది పెదవి సంగతి కూడా చదివి ఉంటారు! శనివారం మధ్యాహ్నం షాపులో సెలవు పెట్టి, ఆ మూడో పలకను తన చేతులతో ముక్కలు చేసి వస్తానని బస్సెక్కింది.

లక్ష్మ దగ్గర ఆగిన పేరు లక్ష్మమ్మే అయ్యుండాల. బేస్తవారిపేటలో ఆమెను పట్టుకోవడం కష్టం కాలేదు. వయోజన తరగతికి పోయే లక్ష్మమ్మ అనంగానే, మేకల లక్ష్మమ్మా అని ఇల్లు చూపించినారు. అరవై దాటిన మనిషి. వాకిట్లో మేకలకు సుబాబుల్ ఆకు వేస్తా ఉంది.

"పెద్దమ్మా, నీ పలక మీద వేరేవాళ్ళ రాతలు పడుతున్నాయా?"

"ఆ, పడతాయి" అన్నది లక్ష్మమ్మ, వాన పడుతుందా అని అడిగితే చెప్పినంత మామూలుగా. "ఎవరిదో జంటది నాకొచ్చినట్టుంది. మార్కాపురం పలకలు కదా."

"చదువుతున్నావా?"

"ఏం చదవను పాపా? చదువొస్తే తరగతికెందుకు పోతా? పోయిన వారం గురువారమే చేరినా. పలక ఆ మధ్యాహ్నమే ఇంటికి తెచ్చిచ్చినారు. ఐదింటికి తరగతి. పలక మీద ఎవరి రాతో ఉంటది. శుభ్రంగా తడిగుడ్డతో తుడిచి అ ఆ దిద్దుకుంటా. ఆరింటికి మళ్ళీ తుడిచి ఇంటికొస్తా. ఆదివారం కూడా వదల్ను, ఇంటికాడ దిద్దుకుంటా. నిన్న ఒక్కరోజే గాలీవానకు తుడవకుండా పరిగెత్తినాం."

హన్నా అరుగు మీద కూలబడింది. నాలుగింటికి అతను రాస్తాడు. ఐదింటికి ఈమె తుడుస్తుంది. ఏడింటికి తాను వచ్చి ఖాళీ పలక చూసి ఏడుస్తుంది. అంటే అతను రాస్తానే ఉన్నాడు. రోజూ రాస్తానే ఉన్నాడు! ఏం రాసినాడో ఈ లోకంలో ఎవరికీ తెలియదు, తడిగుడ్డకు తప్ప.

"అయ్యో పెద్దమ్మా, ఎంత పని చేస్తివి" అని రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది.

లక్ష్మమ్మకు భయమేసింది. "పోయిందేందో చెప్పు పాపా. ఆ రాతలేనా? అవెక్కడికి పోతాయి? గోడ మీద ఉన్నాయి గదా."

"ఏ గోడ?"

"టీచరమ్మ చెప్పింది, ముందు చెయ్యి తిరగాల, ఏ రాత కనబడితే ఆ రాత చూసి దిద్దుకోమని. పలక మీద రాత భలే ముద్దుగా ఉండేది. పొద్దుగూకులూ బొగ్గుతో అదే దిద్దేదాన్ని. తరగతికి పోయేముందు రోజూ గోడకు ఎక్కించుకున్నా. లోపలికి రా."

మేకల కొట్టానికీ వంటింటికీ మధ్య సున్నం కొట్టిన గోడ. దాని మీద కింది నుంచి చెయ్యి అందినంత పైదాకా బొగ్గు అక్షరాలు. ఒక గుడి ఎగిరిపోయి, ఒక వత్తు తప్పిపోయి, అయినా చదివితే తెలుస్తానే ఉన్నాయి. హన్నా మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి మొదలుపెట్టింది.

"కావాలి. ఆ మాట మీ ఇంట్లోనే చెప్పాల్సింది. కారప్పూస నోట్లో ఉండి చెప్పలేకపోయినా."

"చదివి తుడిచినావు. ఏమీ రాయలేదే?"

"ఏంది హన్నా, అ ఆ లు దిద్దుతున్నావు? నేను బడి పిల్లోణ్ణా?"

"సరే, ఆటైతే ఆటే. ల కు తలకట్టు పెట్టకు. క్ష ఇట్ల రాయాల: క్ష క్ష క్ష."

"అదేనమ్మా, తప్పు రాస్తే పక్కన ఒప్పు పడేది!" అన్నది వెనక నుంచి లక్ష్మమ్మ. "టీచరమ్మకంటే పలకే ఎక్కువ నేర్పింది నాకు."

హన్నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. పైకి చదువుతా పోయింది. "నిన్న రాత్రంతా కాల్పులు. పలక చొక్కా లోపల పెట్టుకుని పడుకున్నా. పగులుతుందని భయం, నేను పోతానని కాదు." ఆ పైన ఇంకొకటి. అన్నిటికంటే పైన, నిన్నటిది. "రేపు నాలుగింటికి చూస్తా. మాట కనబడకపోతే ఇంక అడగను. మళ్ళీ ముందుకు పంపుతున్నారు. కనిగిరాయన మంచోడే అయ్యుంటాడు. చల్లగా ఉండు."

"టైమెంత పెద్దమ్మా?"

"మూడున్నర బస్సు పోయి చానాసేపాయె."

"పలక ఏది? బలపం ఏది?"

హన్నా నిన్నటి రాత తుడిచి, గబగబా రాయబోయింది. బలపం రెండుసార్లు విరిగింది. రాసింది. "పలకలు మూడు. నీ మాటలు నాకు అందలేదు, ఇప్పుడే గోడ మీద చదివినా. నాకూ నువ్వే కావాలి. చదివినావా?"

నాలుగైంది. ఏమీ పడలేదు. నాలుగూ పది. హన్నా లేచి వాకిట్లోకి పోయి, లోపలికొచ్చి, మళ్ళీ పోయింది. మేకలు కూడా ఆమెనే చూస్తున్నాయి. నాలుగున్నర. డ్యూటీ దిగలేదా? చూసి వెళ్ళిపోయినాడా? ముందుకు పంపేసినారా? ఐదు కావస్తుంటే వీధిలో నుంచి ఆడవాళ్ళు, "లక్ష్మక్కా, తరగతికి రావా?" అని కేకేసినారు.

"ఈ పొద్దు రాను, పోండి" అని లక్ష్మమ్మ పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తడిగుడ్డ తీసి దూరంగా మేకల్లోకి విసిరేసింది.

హన్నా గోడ వైపు తిరిగి నిలబడింది. అప్పుడు లక్ష్మమ్మ గొంతు మారింది. "పాపా, పడతా ఉంది."

"నేను చూడలేను పెద్దమ్మా. నావల్ల కాదు."

"మరి నాకు చదువు రాదే."

"వచ్చినంత చదువు."

లక్ష్మమ్మ పలకను మొహం దగ్గరికి తెచ్చుకుంది. వేలు పెట్టింది. "నే... నే, ను. నేను. చ... ది... వి... నా." ఊపిరి పీల్చుకుంది. "నేను చదివినా! ఎవ్... ఎవ్వ... రి... కీ. మా... ట. ఇ... య్య... కు." వేలు ఆగింది, పెదాలు ఊరికే కదిలినాయి. "వ... స్తు... న్నా. పాపా, వస్తున్నా అంటన్నాడు! వస్తాడంట!"

హన్నా వచ్చి ఆ ముసలామెను గట్టిగా పట్టుకుని బావురుమంది. లక్ష్మమ్మ కూడా ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "పాపా, నేను చదివినా కదా? నువ్వు చెప్పలేదు కదా, నేనే చదివినా" అన్నది.

"నువ్వే చదివినావు పెద్దమ్మా."

ఆ పలకను హన్నా ముక్కలు చేయలేదు. లక్ష్మమ్మ దాన్ని అటక మీద పెట్టి, తరగతికి వేరే పలక తెచ్చుకుంది.

ఇంటికొచ్చేసరికి రాహేలు బల్ల ముందు చీటీ పెట్టుకుని కూర్చుని ఉంది. హన్నా బీరువాలోంచి పలక తీసి తల్లి ముందర పెట్టింది. రాహేలు చదివింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది. దేవదానం గుమ్మంలోనే నిలబడినాడు.

"నాకు భయం పోలేదు" అన్నది రాహేలు.

"నాకూ పోలేదమ్మా" అన్నది హన్నా.

రాహేలు పెన్ను మూత తీసి, చీటీ మీద హన్నా పేరు పక్కన జీవన్ కుమార్ అని రాసింది.