అమ్మ చెప్పినంత గది

ఆమెకు వృత్తిలో ఉన్న మారుపేరు రసమట్టం. మేస్త్రీలు గోడ సమంగా వచ్చిందో లేదో చూసుకునే పరికరం పేరు ఆమెకు ఊరికే రాలేదు. కొత్తగా కట్టిన మేడలను ఫొటోలు తీయడం ఆమె పని. వైడ్ లెన్సు బిగించాక కెమెరా వెంట్రుకవాసి పైకి వంగినా ఒప్పుకోదు. వంగిందంటే ఎంత గట్టి మేడైనా వెనక్కి పడబోతున్నట్టు కనిపిస్తుంది. “వాళ్ళు కష్టపడి నిలువుగా కట్టుకుంటే, పడగొట్టడానికి నేనెవర్ని?” అంటుంది.

ఇళ్ళ లోపలి గదులు మాత్రం తీయదు. ఒకప్పుడు తీసేది. అదే లెన్సుతో మూలన నిలబడి తీస్తే మంచం పట్టని గది కూడా మైదానంలా వస్తుంది. అలాంటి ఫొటో చూసి ఫ్లాటు కొనుక్కున్న పెద్దాయన ఒకడు ఆమెను వెతుక్కుంటూ వచ్చి, “అమ్మా, నువ్వు తీసిన గది ఎక్కడుందో చూపించు, వెళ్ళి అందులో ఉంటాను” అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఆ తరవాత ఎవరెంత బతిమాలినా ససేమిరా అంది.

ఈసారి పని తను పెరిగిన సందులోనే పడింది. అక్కడ అద్దాల మేడ లేచింది. సందేమో ఇరుకు. కింద నుంచి మేడంతా పట్టాలంటే కెమెరా వంచాలి. ఈ మహాతల్లి వంచదు కదా! మేడలో సగం ఎత్తు నుంచి తీయాలంది. ఆ ఎత్తులో ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క కిటికీ, కూల్చివేతకు సిద్ధంగా ఉన్న పాత ఇంటి పై అంతస్తులో. ఆ మేడ ఆర్కిటెక్టు తిరిగి తిరిగి ఆ గది తాళం సంపాదించి ఇచ్చాడు. ఒకప్పుడు ఆ గదిలోనే ఆమె కుటుంబం అద్దెకుండేదని పాపం అతనికి తెలియదు.

సంగతి వినగానే అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“మన గదా! ఫొటో తీసుకురావే. ఆ మెట్లు నేనెక్కలేను. కూల్చేలోపు ఒక్కసారి చూసుకుంటాను.”

“నేను గదులు తియ్యనమ్మా.”

“నాకు కూడా తియ్యవా?”

ఆ గది మాట ఎత్తితే చాలు, అమ్మకు ఎక్కడలేని ఓపిక వస్తుంది. “ఎంత పెద్ద గదే అది! నలుగురం ఉన్నా ఇంకా నలుగురికి చోటుండేది” అంటుంది. నాన్న పోయాక ఆ మాట మరీ ఎక్కువైంది. అన్నయ్య సరేసరి. ఆ గదిలో మూడు చక్రాల సైకిలు తొక్కానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. తన ఇంటి హాల్లో కూర్చుని, “మా పాత గదిలో ఇది సగం లేదు” అని వదిన ప్రాణం తీస్తాడు.

ఫొటోల రోజున ఆమె ఆ గది తాళం తీసి తలుపు తోసింది. తోసిన తలుపు సగం గదిని ఆక్రమించింది.

పొరబడ్డానేమో అనుకుంది. కానీ గోడకు అదే అలమర, కిటికీకి అవే చువ్వలు. చేతులు చాపింది. వేళ్ళు ఇంచుమించు రెండు గోడలకూ తగిలాయి. సైకిలు తొక్కడమా? ఇక్కడ వెనక్కి తిరగడమే గగనం. చిన్నప్పుడు తను మారాం చేస్తే నాన్న భుజాన వేసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పేవాడు. ఆ చివర ఏది?

ముందు మేడ పని ముగించింది. అప్పుడు కెమెరాను గదివైపు తిప్పింది. మామూలు లెన్సుతో తీస్తే అలమరా, ఓ గోడ ముక్కా మాత్రమే వచ్చాయి. అదే నిజం. ఆ నిజాన్ని తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాలంటే భయమేసింది. అమ్మ దృష్టిలో నాన్న ఇంకా ఆ పెద్ద గదిలోనే ఉన్నాడు. ఈ అగ్గిపెట్టెలో ఆయన్ని ఎక్కడని కూర్చోబెడుతుంది?

వైడ్ లెన్సు బిగించింది. మూలకు ఒదిగి, కెమెరాను తన నడుము ఎత్తుకు, చిన్నప్పటి తన కళ్ళంత ఎత్తుకు దించింది. ఫ్లాటు కొన్న పెద్దాయన గుర్తొచ్చాడు. మనసులోనే ఆయనకు దండం పెట్టి బటన్ నొక్కింది.

తెర మీద గది విచ్చుకుంది. కిటికీ దూరంగా జరిగింది. ఎంత నేల! ఆమె చిన్నప్పుడు పరిగెత్తిన గది అచ్చం ఇదే. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

సాయంత్రం అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

“ఎవరిదే ఈ గది?”

“మనదేనమ్మా.”

“మనది ఇంత లేదు. మీ నాన్న కాళ్ళు చాపితే గుమ్మం దాటేవి. తలుపు తెరుచుకుని పడుకునేవాళ్ళం.”

“మరి ఇన్నాళ్ళూ పెద్దది, పెద్దది అని...” అంది రసమట్టం.

“ఏం చెప్పమంటావ్? మీ అన్నయ్య ఓ రోజు బడి నుంచి వచ్చి, మనిల్లు చిన్నదా అమ్మా అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను. ఎవర్రా చిన్నదన్నది, ఇందులో సైకిలు కూడా తొక్కొచ్చు అనేశాను. ఇంకేముంది, మర్నాడే సైకిలు కావాలని కూర్చున్నాడు. మీ నాన్న ఎక్కడో పాతది పట్టుకొచ్చారు. అది తిరగాలి కదా! రోజూ సాయంత్రం తన కుట్టుమిషను ఎత్తి మెట్ల దగ్గర పెట్టేసేవారు.”

“గాలి కోసమని అక్కడ కూర్చుని కుట్టేవాడు కదమ్మా?”

“గాలి కోసమని మీకు చెప్పేవారు. చలికాలం గాలి కావాల్సొచ్చిందా ఆయనకి?”

ఆమె తల దించుకుంది. వేళ్ళు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుంటూ మెట్ల దగ్గర కుడుతున్న నాన్న ఇప్పుడు కనిపించాడు. ఇన్నేళ్ళుగా కళ్ళ ముందున్న బొమ్మే, అర్థమైంది మాత్రం ఈ పూట.

మామూలు లెన్సుతో తీసిన ఫొటో కూడా చూపించింది. అమ్మ ఫొటోలోని అలమరను వేలితో నిమిరింది. “ఇదీ మనది. ఇది నా దగ్గరుంచు.”

“మరి ఆ పెద్దది తీసెయ్యనా?”

“అయ్యో, తీసెయ్యకు. అది మీ అన్నయ్యకి పంపు.”

పంపిన నిమిషానికే ఫోను మోగింది. అవతల అన్నయ్య గొంతు పొంగిపోతోంది. “చూశావా! నేను చెప్తే మీ వదిన ఒక్కనాడూ నమ్మలేదు. నువ్వు అబద్ధం ఫొటోలు తియ్యవని దానికీ తెలుసు. ఏదీ, దానికి నువ్వే చెప్పు, అంత గది ఉండేదా లేదా?”

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమెకేసే చూస్తోంది.

“ఉండేదొదినా,” అంది రసమట్టం. “ఇంకా పెద్దదే. ఫొటోలో పట్టలేదు.”