మూడు కేకలు

బర్మా యుద్ధం నుంచి సిపాయి లేవిని తిప్పి పంపారు. ఒంటి మీద గాయం లేదు. కాళ్లూ చేతులూ సక్రమంగా ఉన్నాయి. అందుకే ఊళ్లో ఎవరూ అతన్ని జబ్బుమనిషి అనలేదు, దెయ్యం పట్టినవాడన్నారు. చెయ్యి విరిగితే కట్టు కడతారు. మనసు విరిగితే మనిషినే కట్టేస్తారు.

ఊరికి అరకోసు దూరంలో బండల గని. అక్కడ మందు పేలినప్పుడల్లా లేవి ఎక్కడుంటే అక్కడ బోర్లా పడేవాడు. ఒకసారి పొయ్యి ముందు పడి జుట్టు కాల్చుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఉపదేశి దావీదురాజు చర్చి ముందరి రాతి స్తంభం దగ్గర పగ్గం, చింతబరికెలు పెట్టించాడు. మూడు రోజులు అన్నం నీళ్లు లేకుండా కొడితే దెయ్యం పోతుందట. పోయిన ఏడు విశ్వాసమ్మ కూతుర్నీ ఇట్లాగే కొట్టారు. మూడో రోజు పోయింది దెయ్యం కాదు, ఆ పిల్ల ప్రాణం.

లేవి తల్లి రాహేలమ్మ అడ్డం నిలబడింది. "అయ్యా, నా బిడ్డను కొట్టద్దండి. వాడు ఎవుర్నీ ఏమీ అనలే."

"తల్లివి, నీకు కనపడదు. పక్కకు రామ్మా."

ఇద్దరు లేవి చేతులు పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. రాహేలమ్మకు అది చూసే ఎక్కువ భయమేసింది.

అప్పుడొచ్చాడు ఉరుకుందు. గనిలో మందుకు నిప్పు పెట్టేవాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. పొద్దున్నే రాహేలమ్మ అతని దగ్గరికి పోయి బతిమాలి వచ్చింది. అతను నేరుగా ఉపదేశి వెనక్కి పోయి, వెంట తెచ్చిన ఖాళీ కిరసనాయిలు డబ్బాను రాయితో ఫెడీమని కొట్టాడు.

లేవి కూలిపోయాడు. ఉపదేశి ఎగిరిపడ్డాడు, చేతిలో బైబిలు జారిపోయింది.

"ఏమప్పా ఉపదేశీ, నీకు యా దెయ్యం పట్టిండాది?"

వెనక ఎవరో నవ్వారు.

"తమాషా చేస్తాండావా? ఉలిక్కిపడినా, అంతే."

"వాడూ అంతే. నువ్వు తేరుకున్నావు, వాడు ఇంగా తేరుకోలే. ఏడాదిన్నర బాంబుల కింద ఉండినాడప్పా. ఈ వేళ్లు పోయినాక నేను ఆర్నెల్లు అగ్గిపుల్ల గీయలే. నన్నూ కట్టేసి కొట్టింటే మీ చర్చికి బండలు యాడ నుంచి వచ్చుండు?"

"దెయ్యం శానా జిత్తులమారిది."

"అయితే సూడు." ఉరుకుందు లేవి పక్కన కూచున్నాడు. "లేవీ, మళ్లా డబ్బా కొడతా. మూడు కేకలేసి కొడతా. ఇను."

మందు అంటించే ముందు మూడు కేకలు వేయడం గని కట్టుబాటు. అవి గనిలో వాళ్లకే వినిపిస్తాయి. ఊరికి వినిపించేది పేలుడు ఒక్కటే.

"తప్పుకో... తప్పుకో... తప్పుకో..."

రాహేలమ్మ కళ్లు మూసుకుంది. డబ్బా మోగింది. లేవి పళ్లు టకటకలాడాయి. రెండు చేతులతో తల్లి కొంగు పట్టుకున్నాడు. పడలేదు.

దావీదురాజు బైబిలు దుమ్ము తుడిచాడు. "నయమైందని నేననను."

"నేనూ అనలే. కొట్టద్దంటాండా."

చేతులు పట్టుకున్న ఇద్దరూ ముందుకు రాలేదు. రాహేలమ్మ వంగి పగ్గం తీసుకుని చుట్టింది. "ఇది మా పగ్గమయ్యా. బాయికాడ నుంచి అడక్కుండా తెచ్చినారు." కొడుకుని లేపి ఇంటికి నడిపించింది.

సోమవారం గనిలో మందు అంటించే ముందు ఉరుకుందు ఊరివైపు తిరిగి కేకేశాడు. ఎదురుగాలి. మొదటి కేక ఊరు చేరలేదు. రెండోది విని రాహేలమ్మ చేతిలో చేట వదిలేసి పరుగెత్తింది. కొడుకు చెయ్యి పట్టుకుని, "వస్తాండాది నాయనా, వస్తాండాది" అంది.