పసుపెక్కిన ద్రవం

థాంక్స్‌గివింగ్ ఉదయం టర్కీ కోడిని ఓవెన్‌లో పెట్టి, అరగంటకోసారి దానిమీద వెన్న పూయమని మా ఆయన కర్ట్‌కి అప్పజెప్పి ల్యాబుకి బయలుదేరాను. "పండగపూట కూడానా? ఆ కణాలేమైనా నువ్వు కన్న పిల్లలా?" అన్నాడు. వాళ్లమ్మ ఆర్లీన్ అయితే, మా మార్లిస్ క్రిములకి వండిపెడుతుందని చర్చిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతుంది. క్రిములకి కాదు, మనిషి శ్వాసనాళాల కణాలకి అని పదకొండేళ్లుగా సరిదిద్దుతూనే ఉన్నాను.

ఆ కణాలు పల్చటి పొరమీద నెలరోజులు పెరగాలి. పైన గాలి, కింద గులాబీరంగు పోషక ద్రవం. మంచు తుఫానైనా సరే, రెండ్రోజులకోసారి పాతది తీసి కొత్తది పోయాలి. దాన్ని మేము మేత అంటాం. మేత పెట్టేది నేను. నెల తిరిగాక మా ల్యాబులో పరిశోధకుడు టాడ్ వచ్చి వాటిమీద బాక్టీరియా విషం వేసి, కొలతలు తీసి వ్యాసం రాస్తాడు. మొదటి పేరు విషం వేసినవాడిది. పెంచినదానికి చివర్లో కృతజ్ఞతలు.

టాడ్ కొలిచే ముందు, శుభ్రంగా ఉంటుందని పాత ద్రవం పారబోయించేవాడు. కణాలు నీరసంగా కనిపించాయి కాబట్టి విషం వాటిలో శక్తి పుట్టకుండా చేస్తోందని రాసేశాడు. పారబోసేది నేను కనక నాకు తెలుసు. విషం పడ్డ నాలుగు గంటలకే ఆ గులాబీ ద్రవం పసుపెక్కుతుంది, అది ఆమ్లం చేరిందన్న గుర్తు. కణం చచ్చుబడలేదు, చక్కెరని ఆబగా కాల్చి ఆమ్లం కక్కుతోంది. విషం పొడిచిన చిల్లులు పూడ్చుకోవడానికే ఉన్న ఓపికంతా ఖర్చుపెడుతోంది. ఇక పైనున్న సన్నటి నూగుతో కఫాన్ని నెట్టే దాని అసలు పనికి ఏం మిగులుతుంది? మైక్రోస్కోపులో చూస్తే ఆ నూగు కదలడం మానేసి ఉంది. నా బతుకూ అంతే. ఈ మాట మా ల్యాబు పెద్ద డాక్టర్ విట్‌కూంబ్‌తో చెబితే, "నువ్వు మేత సంగతి చూడు మార్లిస్, ఆలోచించడానికి టాడ్ ఉన్నాడుగా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పట్నుంచీ పాత ద్రవాన్ని పారబోయకుండా ఫ్రీజర్లో దాచి, నేనే కొలిచి రాసుకుంటున్నాను.

ఆ ఉదయం మేత పెడుతుండగా విట్‌కూంబే ఫోన్ చేశాడు. ద్రవంలో ఆమ్లం కొలిచారా అని, టాడ్ వ్యాసం పంపిన సైన్సు పత్రికవాళ్లు అడిగారట.

"పాతది నువ్వు దాస్తావటగా. టాడ్‌కి ఇచ్చెయ్."

"కొలిచే ఉంచానండీ. అతను రాసింది తప్పని తేలుతుంది. వ్యాసంలో నా పేరు ఉంటేనే ఇస్తాను."

"పండగపూట ఈ పేచీ ఏంటి? నువ్వు పేరుకోసం పనిచేసే మనిషివి కాదనుకున్నా. సరే, సోమవారం చూద్దాం. శనివారం మేత మాత్రం మర్చిపోకు."

"శనివారం నేను రాను. పేరున్నవాళ్లని వచ్చి పెట్టమనండి."

ఫోన్ పెట్టేసి మిగతావాటికి మేత పెట్టాను. అవి మూడో వారంలో ఉన్న కణాలు, నూగు అప్పుడప్పుడే మొలుస్తోంది. టాడ్ అత్తారింటికి వెళ్లాడనీ, సోమవారానికల్లా అవి పాడైపోతాయనీ నాకు తెలుసు.

శనివారం పొద్దున్న ఏడుపొచ్చింది. టైమవుతోందని కర్ట్ నా కారు తాళం తెచ్చి చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు.