అరవై అయిదు నిండేదాకా

ఊరి లైబ్రరీలో అరవై అయిదు నిండినవాళ్లకు గవర్నమెంటు ఇచ్చే వైద్య బీమా మెడికేర్ గురించి సలహాలిచ్చే బల్ల దగ్గర తన వంతు కోసం కూర్చుంది నోరీన్. ఆమె ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత ఉన్న గడ్డ ఇప్పుడు ద్రాక్షపండంత అయింది. ఆ సంగతి పక్కనే ఉన్న మొగుడు లోవెల్‌కు కూడా తెలియదు. తెలియకుండా ఉండాలనే ఆవిడ ఇన్నాళ్లూ అటు తిరిగి పడుకుంటోంది.

ఈ దాపరికానికి కారణం నోరీన్ అక్క బెర్నీస్. ఆవిడ మెడికేర్ వయసు రాగానే చవకగా వస్తోందని ఏదో పథకంలో చేరింది. తర్వాత గుండెజబ్బు వచ్చింది. మెడికేర్ కట్టగా మిగిలిన ఖర్చు భరించే అదనపు పాలసీకి మారతానంటే ఒక్క కంపెనీ కూడా రానివ్వలేదు. బిల్లులు కట్టలేక ఉన్న ఒక్క కారూ అమ్ముకుంది. అది కళ్లారా చూసిన నోరీన్, తన జబ్బు కూడా డాక్టరు కాగితం మీదికెక్కితే అంతే సంగతులనుకుంది. పాలసీ చేతికొచ్చేదాకా డాక్టరు గడప తొక్కకూడదని పంతం పట్టింది. ఏటా చేయించుకునే రొమ్ము పరీక్ష కూడా ఎగ్గొట్టింది. మొండితనమంటే అంత మొండితనం.

"రండమ్మా, పుట్టినరోజెప్పుడు?" అంది సలహాలిచ్చే ఆర్డిస్, కళ్లజోడు సర్దుకుంటూ.

"వచ్చే నెలండీ."

"నాకెప్పుడూ నిజం వయసు చెప్పలేదండీ. గవర్నమెంటుకి మాత్రం భలే దొరికిపోయింది," అన్నాడు లోవెల్.

"నువ్వు కాస్త నోరు మూసుకుంటావా?" అంది నోరీన్. తర్వాత, జబ్బులేమీ లేవని కారులో మనసులో వల్లించుకున్న అబద్ధం గుర్తుచేసుకుంటూ, "అదనపు పాలసీకి జబ్బులేమన్నా ఉన్నాయా అని అడుగుతారు కదండీ?" అంది.

"ఎవరడుగుతారు? మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు కట్టే భాగం మీకు మొదలయ్యాక ఆర్నెల్లపాటు, ఏ జబ్బున్నా ఏ కంపెనీ మీకు పాలసీ ఇవ్వం అనడానికి వీల్లేదు. జబ్బు పేరు చెప్పి ఎక్కువ కట్టమనడానికీ వీల్లేదు."

"మా అక్కని తరిమేశారుగా?"

"ఆవిడెప్పుడు వెళ్లారు?"

"డెబ్బై దాటాక."

"అదీ సంగతి. ఆవిడ గడువు ఎప్పుడో అయిపోయిందమ్మా. మీది ఇంకా మొదలే కాలేదు."

"డాక్టరు ముందే రాసేసి ఉన్నా ఇస్తారా?"

"క్యాన్సరని రాసి ఉన్నా ఇవ్వాల్సిందే."

ఇన్నాళ్లూ దాచింది అనవసరంగానేనని నోరీన్‌కు అప్పుడర్థమైంది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఏడుపు కూడా రాలేదు.

"లోవెల్, నాకు రొమ్ములో గడ్డ ఉంది," అంది.

లోవెల్ ముందు నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏంటే నువ్వనేది?" అన్నాడు.

"పాలసీ ఇవ్వరేమోనని చెప్పలేదు."

"నాక్కూడానా?"

ఆర్డిస్ ముందున్న కాగితాలన్నీ పక్కకు నెట్టి, "ఇవి తర్వాత చూసుకుందాం. ముందు మీ డాక్టరుకి ఫోన్ చెయ్యండమ్మా," అంది. లోవెలే నంబరు కలిపి ఫోను ఆమె చేతికిచ్చాడు.

"గడ్డ ఎప్పుడు కనబడిందండీ?" అని అడిగింది క్లినిక్‌లో ఫోనెత్తిన అమ్మాయి.

ఈమధ్యేనని చెప్పబోయి నోరీన్ ఆగింది. ఇంక దాచి ఏం లాభం?

"పోయిన నవంబర్లో."

లోవెల్ కుర్చీలో ముందుకు వంగి మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. బయట జూలై ఎండ మండిపోతోంది.

"అయ్యో, అన్నాళ్లు ఆగారా! అప్పుడు మీకు ఇన్సూరెన్స్ లేదాండీ?"

నోరీన్ ముప్పై ఏళ్లు బడి వంటగదిలో పనిచేసింది. పోయిన నెలలో రిటైరయ్యేదాకా బడివాళ్లిచ్చిన ఇన్సూరెన్స్ ఆమెకుంది.

"ఉందమ్మా," అంది.